నోరా, మొహమా?

హైటెక్ సిటీలో జావా, పైథాన్ తగువు పాతబడింది. కోడ్ సగం ఏఐ రాసిపెడుతోంది కాబట్టి, మిగిలిన టైంలో డెవలపర్ నోరు వాడాలా, మొహం వాడాలా అన్నదే ఇప్పటి పంచాయితీ. నోరైతే పాడ్‌కాస్ట్, మొహమైతే యూట్యూబ్.

నోటి పార్టీ వాదన చవకైనది. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ 2000 నుంచీ ఉచితం. 64 కేబీపీఎస్‌లో గంట ఎపిసోడ్ 30 ఎంబీ దాటదు. లుంగీలోనే రికార్డింగ్ కానిచ్చేయొచ్చు. చిక్కల్లా కోడ్ దగ్గరే. "ఓపెన్ కర్లీ బ్రేస్, ఇఫ్, ఎక్స్ ఈక్వల్స్ ఈక్వల్స్..." అని చదువుతుంటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద వింటున్నవాడు శంషాబాద్ ఎగ్జిట్ దాటేస్తాడు.

మొహం పార్టీకి గూగుల్ అండ ఉంది. 2024లో అది తన పాడ్‌కాస్ట్ యాప్‌ను మూసేసి, శ్రోతలను యూట్యూబ్ మ్యూజిక్‌కు దారి పట్టించింది. పైగా ఏ మీట నొక్కాలో తెరమీద చూపించొచ్చు. కాకపోతే 27 అంగుళాల మానిటర్‌లో రాసిన కోడ్‌ను జనం అరచేతి ఫోన్‌లో చూస్తారని ఈ పార్టీకి తట్టదు. 1080పీకి యూట్యూబ్ సూచించే 8 ఎంబీపీఎస్ లెక్కన గంట వీడియో 3.6 జీబీ. అందులో అరగంట "హాయ్ ఫ్రెండ్స్, బెల్ ఐకాన్ నొక్కండి"కే సరి.

రెండు పార్టీల్లోనూ ఛానెల్ పేరు, లోగో, థీమ్ మ్యూజిక్ సిద్ధం. చెప్పాల్సిన విషయమే ఇంకా తేలలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తీర్పు అంత కష్టమేం కాదు. అర్ధరాత్రి సర్వర్ ఎందుకు పడుకుందో చెప్పాలంటే గొంతు చాలు. డీబగ్గర్‌లో బగ్‌ను ఎలా పట్టాలో చెప్పాలంటే తెర కావాల్సిందే. బొమ్మ కాస్త మసకబారినా జనం సర్దుకుంటారు. మాట మీద సీలింగ్ ఫ్యాన్ గరగరలాడితే మాత్రం నిమిషంలో జారుకుంటారు. కాబట్టి ముందు ఆడియో నేర్చుకోండి, రేపు వీడియోలోకి వెళ్లినా ఆ విద్య వృథా పోదు.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. మీ ప్రాజెక్టులో ఏళ్లుగా ఖాళీగా పడున్న రీడ్‌మీ ఫైలు నింపండి. అది పక్క సీటువాడికి అర్థమయ్యాక మైకు కొనండి. కెమెరా సంగతి తర్వాత చూద్దాం.