తల్లిని చూడకుండా

ఆ కుక్కపిల్లను జాలిపడి కొన్నాను. ముద్దుకో, గొప్పకో కాదు, చచ్చిపోయేలా ఉంటే కాపాడదామని తెచ్చానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నా తెలివితక్కువతనమంతా ఆ జాలిలోనే ఉందని ఆలస్యంగా అర్థమైంది.

వాట్సాప్‌లో లాబ్రడార్ పిల్లల ఫోటోలు చూసి అమ్మేవాడికి ఫోన్ చేశాను. ఇంటికొచ్చి చూస్తానంటే, ‘ఇల్లు దూరం అన్నా, మెహిదీపట్నం దాటినంక ఫ్లైఓవర్ పిల్లర్ కాడికి రా, నేనే తెస్త’ అన్నాడు. నాకు అనుమానం రాకపోగా శ్రమ తప్పిందనిపించింది. స్కూటర్ మీద బుట్ట, బుట్టలో పాత తువ్వాలు, అందులో పిల్ల. పక్కటెముకలు తేలి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. కళ్ల మూలల్లో పుసి. తోక కింద వెంట్రుకలు తడిసి అంటుకుపోయాయి. ఇవన్నీ చూశాను. చూశాను కాబట్టే వదిలి రాలేకపోయాను. ‘నలభై ఐదు రోజుల పిల్ల, సూది అయిపోయింది’ అంటూ చేతిలో కార్డు పెట్టాడు. టీకా స్టిక్కరు ఉంది, తేదీ లేదు, డాక్టరు సంతకం లేదు. డబ్బిచ్చేశాను.

డాక్టరు గారు దాని నోరు తెరిచి చూశారు. దవడపళ్లు ఇంకా రాలేదు. ‘ఐదు వారాలు కూడా నిండలేదండీ, తల్లి దగ్గరుండాల్సిన పిల్ల’ అన్నారు. పార్వో వైరస్ పరీక్ష కిట్ మీద రెండో గీత పడింది, అంటే సోకినట్టే. సెలైన్ ఎక్కించారు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్లు చేశారు. రక్తవిరేచనాలు ఆగలేదు. పిలిస్తే తల ఎత్తడానికి ప్రయత్నించేది. దక్కలేదు.

అతనికి ఫోన్ చేస్తే, ‘ఇంకోదానికి పిల్లలైనయి అన్నా, సగం పైసలకే ఇస్త’ అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది తల్లి. ఏ రేకుల షెడ్డులో కట్టేసి ఉందో, ఎన్నో ఈతలో ఉందో నేను అడగనే లేదు. నేనిచ్చిన డబ్బు దాని తర్వాతి ఈతకు పెట్టుబడి. ఒక పిల్లను కాపాడాననుకుంటూ ఆ షెడ్డును నిలబెట్టాను.

చట్టం చేతికందేంత దగ్గరలోనే ఉంది. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే అతను చెప్పిన నలభై ఐదు రోజులు నిజమైనా అది నేరమే. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆడకుక్కను పద్దెనిమిది నెలల లోపు చూలు కట్టించకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, జీవితమంతా కలిపి ఐదుకు మించకూడదు. నేను మాత్రం కెన్నెల్ క్లబ్ కాగితాలున్నాయా అని ఒక్క ప్రశ్న అడిగి, చాలా తెలిసినవాడిలా ఊరుకున్నాను. ఆ కాగితం వంశం చెబుతుంది, ఒంట్లో రోగం ఉందో లేదో చెప్పదు. నిజాయితీ ఉన్న బ్రీడర్ తల్లిని, అది ఉండే చోటును చూపిస్తాడు. ‘పెంచలేకపోతే నాకే తెచ్చివ్వండి’ అంటాడు.

ఇంకొకటి చెప్పడం కష్టంగా ఉంది. మా సందు చివర టీ కొట్టు పక్కన ఒక ఊరకుక్క ఈని, పిల్లలు వానలో తడుస్తుంటే రోజూ చూస్తూ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఆగలేదు. నా జాలికీ జాతి పట్టింపు ఉంది. నటి అమల గారు 1992లో మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ ఇదే ఊళ్లో ఉంది. లాబ్రడారే కావాలన్న పట్టుదల నన్ను అటు వెళ్లనివ్వలేదు.

కార్డు, మెసేజ్‌లు, ఫోన్ నంబరు జతచేసి సంక్షేమ మండలికి ఫిర్యాదు పంపాను. చిరునామా అన్నచోట పిల్లర్ నంబరు తప్ప రాయడానికి ఏమీ లేకపోయింది.

పార్వో ఇంట్లో నెలల తరబడి ఉంటుందని, మామూలు ఫినాయిల్‌కు లొంగదని, బ్లీచింగ్‌తో కడగమని డాక్టరు గారు చెప్పారు. ఇప్పట్లో పసిపిల్లను తేవద్దన్నారు. అందుకే టీకాలన్నీ పూర్తయిన పెద్ద దేశీకుక్క కోసం ఒక షెల్టర్‌లో పేరిచ్చాం. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు, ఇంటి ఓనరు ఒప్పుకున్నారా అని వాళ్లు అడిగారు. మొదటి రెండింటికీ జవాబు చెప్పాం. ఆదివారం ఓనరు గారితో మాట్లాడాలి.