చేతి నరం ఆపరేషన్‌కి వెళ్తున్నారా? ఈ సలహాలు పాటించండి, మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు

1. వంశం ఊసెత్తకండి. మీ నాన్నగారు కాలు మీద కాలేసుకుని కూర్చుని లేస్తే పాదం వేలాడిపోయింది. అక్కకి మోచేయి బల్లకానిస్తే చిటికెనవేలు వారాల తరబడి మొద్దుబారింది. ఇవి చెబితే డాక్టరుకి ‘హెచ్‌ఎన్‌పీపీ’ అనుమానం వస్తుంది. అంటే కాస్త నొక్కుడు పడ్డా నరం పడకేసే వంశపారంపర్య జబ్బు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు కదా!

2. మీది మేనరికం పెళ్లి కాదుగా, ఇక బెంగ దేనికి? పీఎంపీ22 జన్యువు ఒక ప్రతి పోతే హెచ్‌ఎన్‌పీపీ వస్తుంది. ఒకటి అదనంగా చేరితే షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బులో అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించే రకం వస్తుంది. రెండింటికీ తల్లో తండ్రో ఒక్కరి నుంచి వస్తే చాలు. ఈ సంగతి పెళ్లిళ్ల పేరయ్య చెప్పలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

3. నరాల పరీక్ష నొప్పి ఉన్న మణికట్టుకే చేయించండి. రెండో చెయ్యి, మోచేతులు, కాళ్లు కూడా చూస్తే నరాలు అన్నిచోట్లా మందగించాయని బయటపడుతుంది. అప్పుడు ‘మణికట్టులో నరం వెళ్లే కార్పల్ టన్నెల్ కోసేస్తే సరిపోతుందా?’ అని సర్జన్ ఆలోచనలో పడతారు. మీకా, ఆపరేషన్ ముహూర్తం దాటిపోతుంది.

4. టూర్నికే గురించి నోరు మెదపకండి. రక్తం ఆపడానికి పై చేతికి సుమారు 250 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడితో బిగించే పట్టీ అది. నొక్కితే పడిపోయే నరానికి అంతకంటే ఘనమైన స్వాగతం ఏముంటుంది? లిడోకెయిన్‌లో అడ్రినలిన్ కలిపి ఇచ్చి, పట్టీ లేకుండా, మీరు మెలకువగా ఉండగానే చేసే పద్ధతి ఉంది. అడిగారో, ఇచ్చేస్తారు!

5. షార్కో-మారీ-టూత్‌తో వేళ్లు ముడుచుకుంటుంటే చెయ్యి జేబులో దాచుకోండి. నరాలు లావెక్కాయి, ఎవరైనా కుష్ఠు అనుకుంటే పరువేం కాను? వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వేళ్లకి చేసినట్టు, పనిచేసే కండర స్నాయువును పనిచేయని చోటికి మళ్లించవచ్చు. అందుకు ఒక్క కండరమైనా బలంగా మిగలాలి. కాబట్టి అన్నీ కరిగేదాకా బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లతో కాలక్షేపం చేయండి.

6. పేరు తేలినా పిల్లలకి చెప్పకండి. ఒక్కొక్కరికీ సంక్రమించే అవకాశం 50 శాతమే. సగం ధైర్యం ఉన్నట్టేగా! రేపు వాళ్ల చేతికీ పట్టీ బిగించబోతూ సర్జన్ ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అని అడిగితే, నిజాయితీగానే ‘లేదండీ’ అంటారు. అబద్ధమాడే పాపం కూడా తప్పుతుంది.