ఏకాంతరావు

చలికాలం శనాదివారాల్లో మా పాలకీడు సెంటర్లో టీ కొట్టు ముందు కూచుంటే ఏకాంతరావులు కనబడతారు. ఆ పేరు మేం పెట్టిందే. హైదరాబాదు నుంచి బండి మీద ఒక్కడే వస్తాడు. మోకాళ్లకు చిప్పలు, హెల్మెట్‌కు కెమెరా, హ్యాండిల్‌కు ఫోను, వెనక సీటు మీద తాళ్లతో బిగించిన సంచీ. సంచీలో ఏముంటుందో తెలియదు. ఇంకో మనిషి ఎక్కకుండా అడ్డం పెట్టుకుంటాడని నా అనుమానం.

దిగగానే హెల్మెట్ తీసి, కళ్లు మూసుకుని గుండెల నిండా పల్లెగాలి పీలుస్తాడు. సరిగ్గా అప్పుడే సిమెంటు లారీ ఒకటి పోతుంది. దగ్గు తగ్గాక అడుగుతాడు: "అన్నా, ఇక్కడ తినడానికి స్పెషల్ ఏముంటది?"

టీ కొట్టాయన అబద్ధమాడడు. "నూడిల్స్ ఉన్నయ్. గోబీ మంచూరియా అయితే పొద్దుగూకినంక."

ఏకాంతరావు మొహం వాడిపోతుంది. ఏ ముసలమ్మో కట్టెల పొయ్యి మీద, ఎక్కడా దొరకని వంటకమేదో వండిపెడుతుందని వచ్చాడు పాపం. మా ముసలమ్మలు సీరియల్ టైముకి ఆ నూడిల్సే పార్సిల్ తెప్పించుకుంటున్నారు.

ఊళ్ల పేర్లు కూడా అతన్ని మోసం చేస్తాయి. జాన్‌పహాడ్, శూన్యపహాడ్, రావిపహాడ్, గుండ్లపహాడ్ - ఒక్క మండలంలో ఇన్ని పహాడ్‌లు మ్యాపులో చూసి కొండలెక్కే బూట్లేసుకొచ్చినవాణ్ణి నేనెరుగుదును. ఒక బూటు వరిమడిలో దిగబడి రాలేదు. శూన్యపహాడ్ బోర్డు పక్కన మాత్రం వీళ్లంతా ఫొటో దిగుతారు. శూన్యమంటే అంత మోజు.

అసలు చిక్కు వేరే ఉంది. మా దగ్గర చావు కబురు చెప్పడానికి కూడా ఇద్దరు పోతారు. ఒక్కడే వచ్చాడంటే ఇంట్లో అలిగైనా రావాలి, భూమి బేరానికైనా రావాలి. అందుకని "ఎవలింటికి బిడ్డా?" అన్నది మొదటి ప్రశ్న. "ఎవరింటికీ కాదు, ఊరికే" అన్నాడా, బెంచీ మీదున్న నలుగురం దగ్గరికి జరుగుతాం.

ఓ శుక్రవారం వచ్చినవాడు ఈ జాతిలో ఆణిముత్యం. పేరడిగితే 'సిడ్' అన్నాడు. అమెరికాలో చదివాడట. ఒకసారి ఒక్కడే కారేసుకుని సెయింట్ లూయిస్ పోయి, రావియోలీ అనే వేయించిన కజ్జికాయల్లాంటివి తిని, మిస్సిసిపీ ఒడ్డున 630 అడుగుల ఉక్కు తోరణం ఎక్కాడట. "రెండు రోజులు నన్ను ఎవ్వరూ పలకరించలేదు అంకుల్!" అని కళ్లు మెరుస్తుండగా చెప్పాడు. మాకు కళ్లు చెమర్చాయి. తోరణం పైకి ఎట్లా పోతారయ్యా అంటే చిన్న డబ్బాలో అయిదుగురిని కూచోబెడతారన్నాడు. మోకాలికి మోకాలు తగులుతుందట. అంటే మా షేర్ ఆటోనే. అంత దూరం పోయి ఒంటరిగా ఉన్నది అక్కడేనా అని అడగబోయి ఊరుకున్నాను.

దారి చూపిస్తానని నేనే సంచీ విప్పించి ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కాను. రిటైరైన మాస్టారిని, నాకూ పనేముంది! ఎండకు గొడుగు విప్పితే బండి కాస్త ఊగింది గానీ అబ్బాయి ఏమీ అనలేదు.

జాన్‌పహాడ్ దర్గాలో శుక్రవారం జనం. ఉర్సు జనవరిలోనైనా మొక్కులకు నెల లేదు. చెట్ల కింద కందూరు చేస్తున్నారు. మొక్కిన యాటను కోసి, అక్కడే వండి, బంధువులకూ, బంధువులు కానివాళ్లకూ పెట్టడమే కందూరు. మావాడు కెమెరా పట్టుకుని పొగను తీస్తుంటే ఒకామె కేకేసింది: "నిలబడి చూస్తవేంది బిడ్డా, కూసో." కూచున్నాడు. "చాలు ఆంటీ" అన్న ప్రతిసారీ గరిటె పడింది. మా వైపు 'చాలు' అంటే మర్యాదకు అన్నమాటే. పొద్దున టీ కొట్టులో వెతికిన స్పెషల్ విస్తట్లోకి వచ్చింది కానీ ఫొటో తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

అక్కణ్ణించి వాడపల్లి. లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు. ఒకటి స్వామి ఊపిరికి రెపరెపలాడుతుందనీ, రెండోది కదలదనీ చెబుతారు. పూజారి గోత్రం అడిగాడు. సిడ్‌కు తెలియదు. అమ్మకు ఫోన్ చేశాడు, అదీ స్పీకర్లో.

"ఏడున్నవ్‌రా?"

"సోలో ట్రిప్ మమ్మీ. వాడపల్లి. గోత్రం చెప్పు, సిడ్ పేరు మీద అర్చన..."

"సిడ్ ఏందిరా! సైదులు అని చెప్పు. జాన్‌పహాడ్ సైదులు మొక్కుతోనే పుట్టినవ్. పుట్టెంటికలు అక్కడనే తీసినం. పక్కన ఎవలున్నరు? అన్నం తిన్నడా వీడు?"

తిన్నాడని నేను హామీ ఇచ్చాను. 'సైదులు నామధేయస్య' అని అర్చన మొదలుపెట్టిన పూజారి రెప్పయినా వేయలేదు. ఈ చుట్టుపక్కల సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి లేని వాడకట్టు ఉండదు. నరసింహస్వామికీ అలవాటే.

ఇక సంగమం. మిస్సోరీ పోయి మిస్సిసిపీలో కలిసేది సెయింట్ లూయిస్‌కు కాస్త ఎగువనేనట. ఇక్కడ మూసీ పోయి కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మురికంతా మోసుకుని ఇక్కడికి చేరుతుంది. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే ఏటినే ఇంత దూరం వచ్చి సైదులు చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, ఘాట్ మెట్ల మీద వీపు ఇటు తిప్పి, ఒంటరిగా కూచున్నాడు. స్నానాల పిల్లల్ని పక్కకు తోలి, వెనక్కి జరిగి, ఏడెనిమిది ఫొటోలు తీశాను.

రాత్రి మా మనవరాలు చూపించింది. ఒకటి పెట్టాడు: 'నేనూ, నదీ, నిశ్శబ్దం.' అందులో అతని పక్కన మెట్ల మీద గొడుగు నీడ ఒకటి పడి ఉంది. అది నాది.