నేనెవరో తెలుసా?

మన పెద్దమనిషి ఎవరినైనా అమెరికా విమానాశ్రయంలో పక్కకి పిలిచి తడిమారనుకోండి. సాయంత్రానికల్లా దేశం పరువు పోతుంది. టీవీల్లో గొంతులు చించుకుంటారు. మంత్రులు మండిపడతారు. అవతలి రాయబార కార్యాలయం విచారం వెలిబుచ్చుతుంది. అదే తడుముడు సూరత్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడుపుకునే కార్మికుడికి జరిగితే? పరువు ఎక్కడికీ పోదు. ఇంట్లోనే కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. అది అవమానం కాదు కదా. తనిఖీ!

2009 ఆగస్టులో నెవార్క్‌లో షారుఖ్ ఖాన్‌ని ఆపి గంటకు పైగా ప్రశ్నించారు. పేరు చివర ఖాన్ అని ఉండటమే ఆయన చేసిన తప్పు. ఘోరమే, కాదనం. మనమూ వాళ్ళని అలాగే తడమాలని కేంద్ర మంత్రి అంబికా సోని అన్నారు. 2010 డిసెంబరులో మిసిసిపీలో మన రాయబారి మీరా శంకర్‌ని పక్కకి తీసుకెళ్ళి తడిమారు. కారణం? చీర కట్టుకున్నారు. సగం దేశానికి చీరలు పంపే సూరత్ ఆ లెక్కన అంతర్జాతీయ ముఠాల అడ్డా అన్నమాట! 2011 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అబ్దుల్ కలామ్‌ గారి కోటూ బూట్లూ విప్పించి చూశారు. అంతకు రెండేళ్ళ ముందు మన ఢిల్లీలోనే ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది ఆయన్ని తడిమారు. ఆయన కిక్కురుమనలేదు. దులుపుకొని విమానమెక్కారు. ‘నేనెవరో తెలుసా?’ అని అడిగే హక్కు ఈ దేశంలో ఎవరికైనా ఉందంటే ఆయనకే ఉంది. ఆయనొక్కడే అడగలేదు.

ఆయన తరఫున అడిగినవాళ్ళ వాదన ఏమిటో గుర్తుందా? ‘మొహం చూసి, పేరు చూసి మనుషుల్ని అనుమానించడం తప్పు’ అని కాదు. ‘మాజీ రాష్ట్రపతి మినహాయింపు జాబితాలో ఉన్నారు, ఆయన్నెలా తడుముతారు?’ అని! అంటే జాబితాలో లేనివాణ్ణి శుభ్రంగా తడుముకోవచ్చు. అభ్యంతరం తడుముడు మీద కాదు, అడ్రసు మీద.

ఆ జాబితా సంగతీ చూద్దాం. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు... అన్నీ పదవులే. వాటి మధ్యన ఒక పేరు ఉండేది. రాబర్ట్ వాద్రా. ఎస్పీజీ రక్షణ ఉన్నవారితో కలిసి ప్రయాణిస్తే ఆయన్నీ తనిఖీ చేయరాదట. ఆయన పదవేమిటి? సోనియా గాంధీ అల్లుడు! మన ఇళ్ళల్లో అల్లుడికి గారెలూ బూరెలూ పెడతాం, బట్టలు పెడతాం. మెటల్ డిటెక్టర్ నుంచి మినహాయింపు పెట్టిన అత్తవారింటిని మాత్రం ఎక్కడా చూడలేదు. 2015లో గానీ ఆ పేరు తీయలేదు.

ఈ రోగం ఈనాటిది కాదు. దీనికి సూరత్‌లో నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 1615లో ఇంగ్లండు రాజు జేమ్స్ దూతగా థామస్ రో ఈ సూరత్ రేవులోనే దిగాడు. జహంగీరు కాలం. సుంకం అధికారులు అందర్నీ సోదా చేసినట్టే ఆయన బృందాన్నీ సోదా చేస్తామన్నారు. దొరగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. నేను వర్తకుణ్ణి కాను, రాజుగారి రాయబారిని, నన్ను ముట్టుకోవడమా అని పెద్ద రభస చేశాడు. గమనించారా? సోదా వద్దనలేదు. తనకి వద్దన్నాడు. వర్తకుల్ని ఎంత తడుముకున్నా ఆయనకి అభ్యంతరం లేదు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి ఎనభై ఏళ్ళు కావస్తోంది. రైళ్ళు వదిలివెళ్ళారు, కోర్టులు వదిలివెళ్ళారు, ‘నేనెవరో తెలుసా?’ అన్న ఈ ఒక్క వాక్యాన్నీ మన నాయకులకి వారసత్వంగా ఇచ్చిపోయారు.

వారసత్వం ఎంత బలమైందో తెలియాలంటే 2017 జూన్‌లో విశాఖ విమానాశ్రయం చూడాల్సింది. ఆలస్యంగా వచ్చారు, బోర్డింగ్ పాస్ కుదరదన్నారు. అంతే, అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి కౌంటర్ దగ్గర ఆడిన వీరంగం కెమెరాలకెక్కి దేశమంతా తిరిగింది. అప్పుడు పౌర విమానయాన మంత్రి కూడా ఆయన పార్టీ మనిషే. అదే పని ఒక సాంచాల కార్మికుడు చేసి ఉంటే? ఇప్పటికీ వాయిదాలకి తిరుగుతూ ఉండేవాడు.

సరే, ఆ కార్మికుడి దగ్గరికే వద్దాం. సిరిసిల్ల, సిద్దిపేట, నల్లగొండ నుంచి వచ్చి సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా బస్తీల్లో తరాలుగా సాంచాలు నడుపుతున్నవాళ్ళు మనవాళ్ళు. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపేంత మంది. వాళ్ళ ఊళ్ళ నుంచి బతుకుతెరువుకి రెండే దారులు. ఒకటి సూరత్, భివండీ. రెండోది దుబాయి. ఇప్పుడు సూరత్ నుంచే దుబాయికి విమానాలున్నాయి. ఎక్కేస్తే పోలా?

ఆగండి. పది పాసయ్యారా? లేదా? అయితే మీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే ‘వలస తనిఖీ అవసరం’ అని పడుతుంది. గల్ఫ్ సహా పద్దెనిమిది దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. మోసపోకుండా మిమ్మల్ని కాపాడటానికేనట. ఉద్దేశం బంగారం. కానీ మినహాయింపుల చిట్టా చదవండి. ఆదాయపన్ను కట్టేవాడికి ఈ ముద్ర అక్కర్లేదు. అతని భార్యకీ అక్కర్లేదు. ఏడో తరగతి తప్పినా సరే, పన్ను కాగితం ఉంటే చాలు. సూరత్‌లో బడి మధ్యలో మానేసి వజ్రాల్లో కోట్లకి పడగలెత్తిన సేట్లకి కొదవ లేదు. సేటుగారూ పది తప్పాడు, సాంచా మీద కూలోడూ పది తప్పాడు. ఒకడి పాస్‌పోర్టు కడిగిన ముత్యం. రెండోవాడి పాస్‌పోర్టు మీద ముద్ర. ఇది చదువు కొలిచే ముద్రా, జేబు కొలిచే ముద్రా?

ఇంతటితో తృప్తి కలగలేదు. ఆ ముద్ర ఉన్నవాళ్ళకి ఏకంగా నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని 2018 జనవరిలో విదేశాంగ శాఖ ప్రకటించింది. కౌంటర్‌లోని అధికారి పుస్తకం తెరవనక్కర్లేదు. దూరం నుంచే ‘అదుగో, చదువురానోడు వస్తున్నాడు’ అని గుర్తుపట్టవచ్చు. పొట్టచేత పట్టుకొని పోయేవాడి చేతిలో వాడి పేదరికాన్నే జెండాగా పెట్టి పంపడం ఏ మేధావి బుర్రలో పుట్టిందో! జనం దుమ్మెత్తిపోస్తే ఆ నెలాఖరుకే వెనక్కి తగ్గారు. రంగు పోయింది. ముద్ర ఉంది.

ఇక గొప్పల సంగతి. 2023 డిసెంబరు 17న ప్రధాని సూరత్‌లో కొత్త టెర్మినల్ ప్రారంభించారు. అదే రోజు వజ్రాల వ్యాపార కేంద్రం డైమండ్ బోర్స్. 67 లక్షల చదరపు అడుగులు, పెంటగాన్‌నే మించిన కట్టడమని చాటారు. సరిగ్గా నాలుగు రోజులకి ఫ్రాన్స్‌లోని వాత్రీ విమానాశ్రయంలో ఒక విమానాన్ని ఆపేశారు. ఫుజైరా నుంచి నికరాగువా వెళుతోంది. లోపల 303 మంది, దాదాపు అందరూ భారతీయులే. అక్కడి నుంచి అమెరికాలోకి మనుషుల అక్రమ రవాణా అని అనుమానం. వాళ్ళలో ఎందరో గుజరాత్ వాళ్ళు. పెంటగాన్‌ని మించిన భవనం ఉన్న రాష్ట్రం వదిలి పెంటగాన్ ఉన్న దేశంలోకి దొడ్డిదారిన దూరాలని వీళ్ళకెందుకనిపించింది? ఏ ప్రారంభోత్సవంలోనూ ఎవరూ అడగలేదు.

2025 ఫిబ్రవరి 5న 104 మందిని అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్‌కి తెచ్చి దించింది. చేతులకి బేడీలు, కాళ్ళకి గొలుసులు. ముప్ఫై ముగ్గురు గుజరాత్ వాళ్ళే. అమెరికా సరిహద్దు గస్తీ అధిపతి ఆ గొలుసుల నడకకి సంగీతం జోడించి మరీ వీడియో పెట్టాడు. మర్నాడు రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్ ఏమన్నారు? బేడీలు 2012 నుంచీ అక్కడి విధానమేనన్నారు. ఎంత ప్రశాంతత! 2011లో అమెరికాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం వ్యవహారంలో మన తెలుగు పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కడితే ఇదే దేశం అమానుషమని అరిచింది. ట్యాగు కన్నా గొలుసు బరువు. కోపమే తేలికైపోయింది.

అమెరికా వాణ్ణి తిట్టడం అయిపోయింది కదా, మన వీధిలోకి రండి. 2025 ఏప్రిల్ 26 తెల్లవారుజామున సూరత్, అహ్మదాబాద్ బస్తీల్లో పోలీసులు బంగ్లాదేశీయుల వేట మొదలుపెట్టారు. రెండు మూడు రోజుల్లో రాష్ట్రమంతా 6,500 మందిని పట్టుకున్నారు. వాళ్ళలో అప్పటికి బంగ్లాదేశీయులని కాగితాలతో తేలింది 450 మందేనని చెప్పింది ఎవరో కాదు, డీజీపీ గారే. అక్రమంగా వచ్చినవాణ్ణి పట్టుకోండి, ఎవరొద్దన్నారు? మిగతా వేలమందిని ఏం చూసి నిద్రలేపి తీసుకెళ్ళారు? పేరా? గడ్డమా? మాటలో యాసా? నెవార్క్‌లో అధికారి చూసిందీ అదే కదా! అక్కడ ఖాన్‌ని ఆపితే జాత్యహంకారం. ఇక్కడ ఖాన్‌ని బస్తీలోంచి ఈడ్చుకెళితే దేశభక్తి. తేడా ఒక్కటే, ఈ ఖాన్ సినిమాల్లో నటించలేదు. విచారం వెలిబుచ్చిన రాయబార కార్యాలయమూ లేదు.

మనమేమైనా తక్కువ తిన్నామా? మణిపూర్ పిల్ల హైదరాబాద్‌లో ఇల్లు అడిగితే ‘నీది ఏ దేశం?’ అంటాం. అపార్ట్‌మెంటు గేటు దగ్గర పనిమనిషి సంచీ విప్పించి చూస్తాం. మన సంచీ ఎవడైనా విప్పమంటే మాత్రం వెంటనే నోటికొచ్చేది ఆ వాక్యమే.

పౌర విమానయాన మంత్రి ఇప్పుడు కూడా తెలుగువాడే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. ఆ మినహాయింపు జాబితాని విమానాశ్రయాల నుంచి పీకించమని ఆయన్ని అడగండి. పన్ను కట్టనివాడి పాస్‌పోర్టుకే ఆ ముద్ర ఎందుకని మీ ఎంపీని నిలదీయండి. సూరత్‌లో ఆ తెల్లవారుజామున ఎవరిని ఏ ఆధారంతో పట్టుకున్నారో, తప్పుగా పట్టుకున్నవాళ్ళకి ఎవరు క్షమాపణ చెప్పారో గుజరాత్ హోంశాఖ లెక్క చెప్పాలి. అంతవరకు, ఈసారి అమెరికాలో ఏ హీరోని ఆపారని టీవీ గగ్గోలు పెట్టినా, దయచేసి ఛానల్ మార్చండి.