దొంగ అతిథిని పట్టుకోకండి

విశాఖ లాసన్స్‌బే కాలనీలో మా మేడ మీద రెండు గదులు ఏడేళ్లుగా రోజువారీ అద్దెకిస్తున్నాం. దసరా సెలవుల్లో కోల్‌కతా వాళ్లు, డిసెంబరు, జనవరుల్లో అరకు పోతూ ఒక రాత్రి ఆగే హైదరాబాదు వాళ్లు, ఏడాది పొడవునా ఆసుపత్రి పనుల మీద వచ్చే శ్రీకాకుళం, ఒడిశా వాళ్లు ఉంటారు. అబద్ధాలు చెప్పినవాళ్లున్నారు, వస్తువులు పట్టుకుపోయినవాళ్లూ ఉన్నారు. వీళ్లతో ఎలా నెగ్గుకురావాలని కొత్తగా గదులు అద్దెకిచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పే మాటలు మా వీధిలో ఎవరికీ నచ్చవు. ‘మీ సలహాలు వింటే ఇల్లు గుల్లవుతుంది వదినా’ అంటుంది పక్కింటావిడ. ఆవిడవీ రెండు గదులే. నా ఇల్లు గుల్ల కాలేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, తలుపు వెనక అంటించిన జరిమానాల కాగితం తీసెయ్యండి. మాకూ ఉండేది. దుప్పటి మీద మరక పడితే 1,500 రూపాయలు, గ్లాసు పగిలితే 200, తాళంచెవి పోతే 500. లామినేషన్ చేయించి మరీ పెట్టాను. ఓ ఆషాఢంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు, చేతులనిండా గోరింటాకుతో. మర్నాడు పొద్దున్నే ‘అంతా బాగుంది ఆంటీ, వెళ్లొస్తాం’ అని గబగబా ఆటో ఎక్కేశారు. పైకి వెళ్తే మంచం చక్కగా సర్ది ఉంది, కానీ పరిచింది అల్మరాలో ఉండాల్సిన దుప్పటి. నేను పరిచిన తెల్ల దుప్పటి మంచం కింద, ముడి వేసిన ప్లాస్టిక్ కవర్లో, తడితడిగా ఉంది. విప్పి చూస్తే అరచేయంత నారింజరంగు మచ్చ. అయిదు వేళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ చుట్టూ నూలు పైకి లేచిపోయేంతగా రుద్దారు. బాత్రూంలో నిన్న పెట్టిన కొత్త సబ్బు సగానికి అరిగిపోయింది.

సముద్రం చూడ్డానికొచ్చిన పిల్లలు అర్ధరాత్రి దాకా బాత్రూంలో చతికిలబడి దుప్పటి ఉతుక్కున్నారు. ఆరు వందల దుప్పటి అది. వాళ్లు దొంగలు కారు. వాళ్లచేత దొంగపని చేయించింది నా కాగితం. ఆ మధ్యాహ్నమే దాన్ని పీకేశాను.

ఇప్పుడు తాళాలు ఇచ్చేటప్పుడే చెప్తాను, ‘ఏదైనా పగిలినా, మరక పడినా వెంటనే కిందికొచ్చి చెప్పండమ్మా, డబ్బులడగను’ అని. చెప్తున్నారు కూడా. గీజరు దగ్గర పైపు ఊడివచ్చిందని రాత్రి పదకొండుకు తలుపు తట్టి చెప్పినతను, జరిమానాకు భయపడి నోరు మూసుకుని ఉంటే తెల్లారేసరికి కింద మా హాలు స్లాబు నానిపోయేది. డిపాజిట్ కూడా తీసుకోవద్దంటాను. డిపాజిట్ పుచ్చుకున్నామంటే వెళ్లే రోజు పొద్దున్న దాంట్లోంచి ఎంత కోయాలా అని మనమూ, కోతపడకుండా ఏం దాచాలా అని వాళ్లూ.

ఇద్దరికని బుక్ చేసి ఆరుగురిని దింపేవాళ్ల సంగతి. గేటు దగ్గర నిలబెట్టి తలలు లెక్కపెట్టకండి. పిల్లల ముందు తండ్రిని నిలదీస్తే ఆయన తగ్గడు, గొడవకు దిగుతాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఒకే ఒక్క ముక్క అడగండి: ‘పొద్దున్న ఇడ్లీ ఎంతమందికి వేయమంటారు?’ యాప్‌లో అబద్ధం రాసినవాడు కూడా ఇడ్లీ దగ్గర నిజం చెప్తాడు, పిల్లలు పస్తుండాలని ఎవరూ కోరుకోరు కదా. ఆరుగురని నోటితో చెప్పాక, ‘అయితే రెండో గది కూడా తీసుకోండి, లేదంటే పరుపుకు ఇంత’ అంటే కాదన్నవాళ్లు నాకింకా తగల్లేదు. టిఫిన్ పెట్టని వాళ్లు మంచినీళ్ల క్యాన్లు ఎన్ని కావాలని అడగొచ్చు. గది పట్టనంతమంది అయితే మాత్రం ఆ ఫోన్లోనే కుదరదని చెప్పేయాలి. వచ్చాక పంపించడం మహా కష్టం.

టవళ్లు లెక్కపెట్టకండి. సంచులు విప్పించడం అసలే వద్దు, ఆ హక్కు మనకు లేదు. ఏడాదికి ఎన్ని పోతాయో ఓ అంచనా వస్తుంది, దాన్ని అద్దెలో కలిపేసుకోండి. సముద్రపు గాలికి ఏసీ తుప్పు పడుతుందని మరమ్మతు ఖర్చు కలుపుకోమూ? ఇదీ అంతే. మా దగ్గర టవళ్లు ఎక్కువగా పోయేది ఆసుపత్రికొచ్చినవాళ్లతో. మంచం పట్టిన మనిషిని కారులో ఊరికి తీసుకెళ్తూ తల కింద మడిచిపెట్టిన టవలు గురించి నేను ఫోన్ చేసి అడగలేను. అడగకూడదు కూడా.

పక్కింటావిడ మండిపడే సలహా ఇది. వస్తువు పట్టుకుపోయిన మనిషి మళ్లీ గది అడిగితే ఇవ్వండి. ఒకతను మా ఇస్త్రీపెట్టె పట్టుకుపోయాడు. ఆ గదిలో ఆ రెండు రోజులూ అతను తప్ప ఎవరూ లేరు కాబట్టి అనుమానం లేదు. ఏడాది తిరక్కుండా అదే పేరుతో బుకింగ్ వచ్చింది. ఇచ్చాను. పాత మాట ఎత్తలేదు, తాళాలిచ్చి మంచినీళ్లు ఎక్కడున్నాయో చూపించాను. పాత ఇస్త్రీపెట్టె తిరిగి రాలేదు, కొత్తది పోలేదు. మూడు రాత్రుల అద్దె వచ్చింది. మనల్ని మళ్లీ వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఒక్క ఇస్త్రీపెట్టె కోసం జీవితాంతం దొంగ కింద జమకట్టడం నాకు చేతకాదు.

ఇక గది ఖాళీ చేసేటప్పుడు బొద్దింక ఫొటో చూపించి డబ్బు వెనక్కి ఇవ్వమనేవాళ్లు. ఇచ్చేయండి. బేరం వద్దు, ఒక రాత్రి అద్దె మొత్తం ఇచ్చేయండి. సముద్రం ఒడ్డు ఊళ్లో నా ఇంట్లో బొద్దింకే లేదని ప్రమాణం చేయలేను. ఆ ఫొటో నా గదిలో తీసిందా, నెట్‌లోంచి దింపిందా అని తేల్చే యోగ్యతా నాకు లేదు. పది అబద్ధాల్లో ఒక నిజం ఉన్నా, ఆ ఒక్క మనిషిని అబద్ధాలకోరు అన్న పాపం నాకు వద్దు. అయితే ‘డబ్బిస్తే మంచి రివ్యూ రాస్తాం, లేదంటే చూడండి’ అన్నారంటే అది ఫిర్యాదు కాదు, బెదిరింపు. దానికి పైసా ఇవ్వకండి. ఆ మాట యాప్ సందేశాల్లోనే వాళ్లచేత రాయించి కంపెనీకి పంపండి. ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో అయితే ఖాళీ చేసిన 14 రోజుల్లోగా ఇరువైపులా రివ్యూ రాయాలి. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు తీరేదాకా ఒకరిది ఇంకొకరికి కనబడదు కాబట్టి భయపడి పొగడాల్సిన అవసరం లేదు. జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాయండి, చాలు.

కెమెరాలు గదిలో వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. స్త్రీ ఏకాంతంలో ఉండగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. గేటు దగ్గర ఒకటి పెట్టి, ఉందని ముందే చెప్పండి.

ఇంత మెతకగా ఉండమన్నాను కదా, కఠినంగా ఉండాల్సినవీ ఉన్నాయి. గుర్తింపు కార్డు చూపించనివాడికి వాన కురుస్తున్నా తాళాలు ఇవ్వకండి. వచ్చిన పెద్దవాళ్లందరివీ చూడాలి, బుక్ చేసినవాడిది ఒక్కటే చాలదు. ఆధార్ అయితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, వాళ్ల నంబరు మన ఫోన్లో ఎందుకు? విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్లో వాళ్ల వివరాలు నింపాలి. డబ్బు సంగతిలో స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు. మన బ్యాంకు ఖాతాలో పడిందో లేదో మనమే తెరిచి చూడాలి. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపండి’ అంటే చూసేదాకా చేయి కదపొద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మన డబ్బు పోతోందనే. పోయిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇలా మోసం చేసేవాళ్లు అతిథులు కారు. మన గుమ్మం తొక్కే ఉద్దేశమే వాళ్లకు ఉండదు, కాబట్టి నేను చెప్పిన దయ వాళ్లకు వర్తించదు.

పెద్ద నష్టం జరిగితే కూడా మనిషిని తరుముకుంటూ పోకండి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకావిడ ఊరెళ్తూ తన ఇల్లు ఎయిర్‌బీఎన్‌బీలో ఇలాగే అద్దెకిస్తే, వచ్చినవాళ్లు తాళం వేసిన అల్మరాకు కన్నం చేసి పాస్‌పోర్టు, నగదు, కుటుంబ నగలు ఎత్తుకెళ్లారు. ఆ గొడవ ఎంత పెద్దదైందంటే, ఎయిర్‌బీఎన్‌బీ ఆ ఏడాది ఆగస్టులోనే ఇల్లిచ్చేవాళ్లకు 50,000 డాలర్ల దాకా నష్టపరిహారం ప్రకటించింది. ఇప్పటి పథకం దాని కొనసాగింపే. పరిహారం అడగాలంటే మనిషి వెళ్లిన 14 రోజుల్లోగా ఫొటోలు, బిల్లులు పెట్టాలి. అందుకని ప్రతి బసకు ముందు గది నాలుగు మూలలూ ఫోన్లో తీసి పెట్టుకోండి. ఆ అల్మరాకు తాళం ఉన్నా ఆగలేదని కూడా గుర్తుంచుకోండి. బంగారం, ఆస్తి కాగితాలు అద్దెకిచ్చే గదుల్లో అసలు ఉండకూడదు.

ఈ నెలలో మీ గదులు ఖాళీగా ఉన్న రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు పైకి వెళ్లి తలుపు వెనక చూడండి. జరిమానాల కాగితం ఉంటే తీసేసి, ఆ చోట మీ ఫోన్ నంబరు, ఏ అర్ధరాత్రయినా తలుపు తట్టొచ్చన్న మాట రాసి పెట్టండి.