ట్యాంక్‌బండ్ ఛాయాగ్రాహకుడు

నీటి రంగుల కోసం పడిగాపులు పడే ఫొటోగ్రాఫరు హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ముఖ్యంగా ఆదివారం సాయంత్రాల్లో కనిపిస్తాడు. బతుకుతెరువుకు ఉద్యోగం వేరే ఉంటుంది. లెక్కకు మించిన జేబులున్న చొక్కా తొడుక్కుంటాడు. ఏ జేబులో ఏముందో అతనికీ తెలియదు. పక్షులను తీసేవాళ్లంటే ఇతనికి లోలోపల అసూయ. ఫొటో చెడితే పిట్ట ఎగిరిపోయిందని వాళ్లు చెప్పుకోవచ్చు. చెరువు ఎక్కడికీ పోదు కాబట్టి ఇతను నేరమంతా మబ్బుల మీద వేయాల్సి వస్తుంది.

16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల ఏలుబడిలో తవ్వించిన ఈ చెరువుకు గట్టు తూర్పున ఉంది. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే సూర్యుడు నీళ్లకు అవతల దిగుతాడు. ఉదయించేటప్పుడు చూడాలంటే పడమటి ఒడ్డుకు, నెక్లెస్ రోడ్డుకు పోవాలి. ఈ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇతను బోధిస్తాడు. పొద్దున్నే లేవడం మాత్రం ఇతని వల్ల కాదు. అందువల్ల ఇతని ఆల్బంలోని సూర్యోదయాల్లో చాలామటుకు పేరు మార్చుకున్న అస్తమయాలే.

ఒకే చెరువు ఒకే క్షణంలో రెండు రంగుల్లో కనిపించడం ఇతని విద్యకు మూలం. కాళ్లదగ్గరి నీళ్లలోకి నిటారుగా తొంగిచూస్తే, ఉపరితలం మీద పడిన కాంతిలో నూటికి రెండు వంతులే తిరిగివస్తుంది. మిగతాది లోపలికి పోతుంది. అందుకని అక్కడ నీళ్లలో ఉన్న బురదో నాచో కనిపిస్తుంది. దూరంగా చూసేకొద్దీ చూపు వాలుగా పడి, నీరు అద్దమై ఆకాశాన్ని తిప్పికొడుతుంది. ఆకాశం నారింజ అయితే దూరపు నీళ్లూ నారింజే. చూపు ఎంత వాలితే రంగు అంత చిక్కన. ఈ సూత్రం వంటబట్టిన నాటినుంచి ఇతను నీటి అంచుకు దిగగలిగిన చోటల్లా బోర్లా పడుకుని తీస్తున్నాడు. "సారు కండ్లు తిరిగి పడ్డడు, జర నీళ్లు తెండ్రి!" అని పొత్తులు కాల్చేవాడు ఎప్పుడో ఒకప్పుడు కేక వేస్తాడు. ఎదురుగా అంత చెరువు ఉండగా నీళ్లసీసా కోసం జనం పరుగెత్తడం కూడా అప్పుడే చూడాలి.

తర్వాతి దశ పోలరైజర్. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తూ ఈ ఫిల్టరును తిప్పితే, ఉపరితలపు తళుకు దాదాపు మాయమై అడుగున ఉన్నది బయటపడుతుంది. కొండల్లోని సరస్సులకు ఇది వరం. హుస్సేన్‌సాగర్‌లో మాత్రం ఆకాశం తొలగిపోగానే పాలిథిన్ కవర్లు, నీళ్లసీసాలు, నిమజ్జనమైన వినాయకుళ్ల చెక్క ముక్కలు స్పష్టంగా దర్శనమిస్తాయి. వేలు పోసి కొన్న ఫిల్టరు ఆ సాయంత్రమే డబ్బాలోకి, అక్కణ్ణించి బీరువాలోకి చేరుతుంది. "ఏమండీ, ఆ అద్దం ఏమైంది?" అని ఇంట్లో అడిగితే, ఈ వెలుతురుకు అది పనికిరాదంటాడు.

ఫోను కెమెరాతో ఇతనిది పాత వైరం. పడమర ఎర్రబడగానే, ఏదో పొరపాటు జరిగిందనుకుని ఫోను ఆ ఎరుపును తగ్గించి తెలుపు సరిచేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను 'మబ్బు' మీద పెట్టి ఇతను దాన్ని మళ్లీ ఎర్రబరుస్తాడు. అంతవరకు న్యాయమే. ఇంటికొచ్చాక రంగుల చిక్కదనం పెంచే గీతను ఇంకాస్త, మరి కాస్త జరుపుతాడు. 1992లో చెరువు మధ్య నిలిపిన బుద్ధుడి విగ్రహం తెల్లని గ్రానైటుది. ఇతని ఫొటోల్లో ఆయన ఒంటినిండా పసుపు రాసుకున్న పెళ్లికొడుకులా ఉంటాడు.

సూర్యుడు మునగగానే జనం లేచిపోతారు. ఇతను పోడు, ఈ ఒక్క విషయంలో ఇతనిదే సరైన పద్ధతి. సంధ్యవేళ కాంతి వాతావరణంలో చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తుంది. ఆ దారిలో ఓజోన్ పసుపు, నారింజ వన్నెలను కొంత పీల్చుకోవడంతో ఆకాశమూ దానితో నీళ్లూ ముదురు నీలానికి తిరుగుతాయి. అప్పుడే దీపాలు వెలిగి, అలల వల్ల నిలువు చారలుగా సాగుతాయి. దినమంతటిలోకీ మంచి ఫొటో అప్పుడే వస్తుంది, బ్యాటరీ ఉంటే.

2020 జూన్‌లో మహారాష్ట్రలోని లోణార్ సరస్సు గులాబీ రంగుకు మారింది. ఉప్పదనం పెరిగి, హాలోఆర్కియా అనే ఉప్పునీటి సూక్ష్మజీవులు విస్తరించడమే కారణమని పరిశోధకులు తేల్చారు. కరోనా ఆంక్షల్లో కదల్లేక ఈ ఫొటోగ్రాఫర్ల జాతి అప్పుడు పడ్డ బాధ వర్ణించలేం. ఆ కసి హుస్సేన్‌సాగర్ పచ్చదనం మీద తీర్చుకుంటూ ఉంటుంది. 'మరకత సరోవరం' అని కింద రాసి పెట్టే ఫొటోకు అందరికన్నా ఎక్కువ మెప్పు వస్తుంది. కూకట్‌పల్లి నాలా వంటివి మోసుకొచ్చే మురుగులోని నత్రజని, భాస్వరం తిని పెరిగిన నాచుదే ఆ పచ్చ. మెచ్చుకున్నవాళ్లకు అక్కడి వాసన తెలియదు. తెలిసిన ఇతను చెప్పడు.

గట్టు మీద ఇతను తారసపడితే ఫ్రేములోంచి పక్కకు తప్పుకుంటే చాలు, మనిషి మంచివాడే. ఎన్ని తీశారని మాత్రం అడగొద్దు, అన్నీ చూపిస్తాడు.