రేకుల గది: ఇంటి ఓనర్లకు వేసవి చిట్కాలు

సైదాబాద్‌లో అరవై గజాల మీద మూడంతస్తులు లేపి, ఆ పైన రేకుల గది వేసి, అద్దెల మీద బతికే మాబోటి వాళ్లను ఎండాకాలం వస్తే చాలు, అందరూ భయపెట్టేవాళ్లే. టీవీ పెడితే ఆరెంజ్ అలర్ట్, పేపరు తెరిస్తే రెడ్ అలర్ట్. ముప్పై ఏళ్ల ఓనరుగిరీలో నేర్చుకున్న నాలుగు ముక్కలు కొత్త ఓనర్ల కోసం రాస్తున్నాను. కత్తిరించి కరెంటు మీటరు పక్కన అతికించుకోండి.

ముందు గజాల సంగతి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్ర సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులన్నీ ఎండను తాగకుండా వెనక్కి కొట్టేలా చేయాలట. అందులో 200 ఒక్క హైదరాబాద్ వాటా. వినగానే నాకు గుండె దడ పట్టుకుంది. మొత్తం చదివాక గానీ ప్రాణం లేచిరాలేదు. సర్కారు భవనాలకు తప్పదు. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాళ్లకే తప్పదు. అంతకు తక్కువైతే మీ ఇష్టం. మా గల్లీలో పది ఇళ్లు కలిపి కొలిస్తే గానీ ఆరొందలు రావు. సింగరేణి కాలనీ గుడిసెలకైతే గజాల లెక్కే లేదు. బంగళాలో ఏసీ వేసుకుని పడుకునేవాళ్ల నెత్తి మాడకూడదని సర్కారుకు ఎంత తపనో చూడండి. రేకుల కింద ఉండేవాళ్లు ఎట్లాగూ అలవాటు పడ్డవాళ్లే కదా.

ఇక కిరాయిదారు వచ్చి "ఉడికిపోతున్నం అంకుల్" అంటుంది. మీరు తొణకొద్దు. "బేగంపేట వాతావరణ కేంద్రంలో 41 డిగ్రీలేనమ్మా" అనండి. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో 40 డిగ్రీలు దాటాలి, పైగా మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి. లేదా ఏకంగా 45 కొట్టాలి. అప్పుడే దాన్ని వడగాడ్పు అంటారు. అందాకా అది ఉత్త ఉక్కపోత. ఆ డిగ్రీలు కొలిచే థర్మామీటరును గాలాడే చెక్కపెట్టెలో, నీడలో పెడతారు. పెట్టెకు తెల్లరంగు వేస్తారు. "మరి పెట్టెకు తెల్లరంగు ఎందుకంకుల్?" అని అడిగింది మా పై గదిలో బ్లౌజులు కుట్టే ఆమె. ఇట్లాంటి ప్రశ్నలు వేసేవాళ్లకు ఇల్లు అద్దెకివ్వొద్దు.

గది కట్టేటప్పుడు సిమెంటు రేకులే వేయండి. కిటికీ ఒక్కటే పెట్టండి, అదీ పడమటికి. సింటెక్స్ ట్యాంకు నల్లదే కొని, గదికి ఆనించి పెట్టండి. గీజరు ఖర్చు ఉండదు. మే నెలలో సాయంత్రం ఏడింటికి మా పైన నల్లా తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. అందుకని ఆ బ్లౌజులామె తెల్లారి నాలుగింటికే లేచి రెండు బకెట్లు పట్టి, తడి గోనెసంచి కప్పి మంచం కింద దాస్తుంది. రాత్రి పిల్లలకు స్నానం ఆ నీళ్లతోనే. ఓసారి చిన్నోడి రంగు క్రేయాన్లు గూట్లో కరిగి ఒకటే ముద్దయ్యాయి. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. బాగుందిరా అన్నాను.

మా తాత కట్టిన డంగు సున్నపు ఇల్లు ఇక్కడే ఉండేది. గోడ మూరెడు మందం, నడిమింట్లో వాకిలి, వాకిట్లో వేపచెట్టు. మూరెడు గోడంటే ఎంత జాగా దండగో లెక్కేసుకోండి. కూలగొట్టాను. ఆకులు మోరీలో పడుతున్నాయని చెట్టూ కొట్టించాను. ఇప్పుడక్కడ నా స్కూటరు ఎండుతోంది.

2017లో హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో కొన్ని ఇళ్ల కప్పుల మీద తెల్లటి షీట్లు పరిచి చూశారట. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గిందట. రెండు డిగ్రీలకు ఇంత గోలా? పాలసీ తెచ్చినప్పుడు కూల్ రూఫ్‌కు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలన్నారు. నా రేకుల గది పదిహేడు మీటర్లు, అంటే అయిదు వేల పైచిలుకు. ఆ గది అద్దె నాలుగున్నర వేలు. ఒక నెల అద్దె ఎండలో పోయడానికి నాకేమన్నా పిచ్చా?

ఇంకో ముఖ్యమైన మాట. మీ ఇంట్లో ఎవరికైనా వేసవిలో ఏమన్నా అయితే "గుండె ఆగింది" అనండి. వడదెబ్బ మాట ఎత్తొద్దు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా పోయారని లెక్క తేలింది, ఎంత అప్రదిష్ట! 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రం వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల ఇంటికి 4 లక్షలన్నది. అంతకుముందు 50 వేలే. ఆ నాలుగు లక్షలకు ఎండే చంపిందని కాగితం కావాలి. రేకుల కింద నిద్రలో పోయినవాడికి ఆ కాగితం ఎవరిస్తారు? అహ్మదాబాద్ వాళ్లు తెలివితక్కువ పని చేశారు. 2010 మేలో ఎండలు మండినప్పుడు మొత్తం చావులను మిగతా ఏళ్లతో పోల్చి చూసుకున్నారు. పదమూడు వందలకు పైగా ఎక్కువ తేలాయి. ఇంకేముంది, 2013లో ఎండల ప్రణాళిక రాసుకోవాల్సి వచ్చింది. లెక్క తీస్తే పని మీద పడుతుంది.

మొన్న ఆదివారం పొద్దున్నే పైనుంచి చప్పుడు. పోయి చూస్తే ఆ బ్లౌజులామె చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, డ్రమ్ములో సున్నం, ఫెవికాల్ కలిపి, చీపురుతో రేకులకు పూస్తోంది. చిన్నోడు కింద నిలబడి మగ్గు అందిస్తున్నాడు. సొంత డబ్బులే పెట్టుకుందట. నేనేమీ అనలేదు. మూడు రోజులాగి మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లి కూర్చున్నాను. మిషను చప్పుడు ఆగకుండా నడుస్తోంది. రేకు మీద చెయ్యి పెడితే పెట్టగలిగాను.

వచ్చే నెల నుంచి అద్దె అయిదొందలు పెంచాను. చల్లటి గదికి ఆ మాత్రం రేటుంటుంది.